వడ్ల డబ్బుల జాబ్ క్యూలో సరిగా పడిందా? బ్యాక్‌గ్రౌండ్ జాబ్‌లకు టెస్టులు రాసే పద్ధతి

యాసంగి కోతలు మొదలయ్యాక నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఏ ఊరి కొనుగోలు కేంద్రానికి వెళ్లినా ఒకటే మాట వినబడుతుంది: "కాంటా అయింది, పైసలు ఎప్పుడు పడతయి?" ఆ మాటకు జవాబు ఇప్పుడు చాలావరకు సాఫ్ట్‌వేర్ చేతిలో ఉంది. ఒక సొసైటీ కోసమో, మిర్యాలగూడ వైపు ఒక రైస్ మిల్లు కోసమో మీరు వెబ్ అప్లికేషన్ రాశారనుకుందాం. ఆపరేటర్ 'కాంటా పూర్తి' బటన్ నొక్కగానే స్క్రీన్ మీద పచ్చ టిక్కు వస్తుంది. ఆ క్షణానికి రైతుకు మెసేజ్ పోలేదు, బ్యాంకుకు వివరాలు పోలేదు, మిల్లుకు ట్రక్ షీట్ తయారు కాలేదు. ఇవన్నీ జాబ్‌లుగా (తర్వాత చేయాల్సిన పనులుగా) వెనక క్యూలో, అంటే వరుసలో, ఉన్నాయని మనం నమ్ముతున్నాం, అంతే.

ఆ నమ్మకాన్ని టెస్టులుగా ఎలా మార్చాలో ఇక్కడ అడుగడుగునా చెబుతాను. ఉదాహరణకు తీసుకున్న అప్లికేషన్ ఊహించుకున్నది. ఏ ప్రభుత్వ పోర్టల్ గురించీ కాదు. చెప్పేది పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ అయిన లారావెల్ మాటల్లో చెబుతాను. రైల్స్ (రూబీ), జాంగో (పైథాన్) ఫ్రేమ్‌వర్కుల వాళ్లకు దారి తప్పే చోట వాటి పేర్లు కూడా తీస్తాను. మీకు పీహెచ్‌పీలో మామూలు ఫీచర్ టెస్టు రాయడం వచ్చని, క్యూ వర్కర్ (క్యూలోంచి జాబ్‌లు తీసి నడిపే ప్రాసెస్) అంటే ఏమిటో తెలుసని అనుకుంటున్నాను.

ముందు రెండు ప్రశ్నలను విడదీయండి

జాబ్ క్యూలో సరిగా పడిందా అన్నది ఒక ప్రశ్న. పడ్డాక వర్కర్ దాన్ని తీసుకుని పని సరిగా చేసిందా అన్నది ఇంకో ప్రశ్న. రెంటినీ ఒకే టెస్టులో కలిపితే ఫెయిల్ అయినప్పుడు తప్పు ఎక్కడుందో తెలియదు, పాస్ అయినప్పుడు ఏది రుజువైందో తెలియదు. చాలా ప్రాజెక్టుల్లో రెండో ప్రశ్నకే టెస్టులు ఉంటాయి: జాబ్‌ను నేరుగా పిలిచి, మెసేజ్ పోయిందా లేదా చూస్తారు. మొదటి ప్రశ్నను ఎవరూ అడగరు. సీజన్ మధ్యలో దెబ్బతీసేవి ఎక్కువగా మొదటి రకం తప్పులే. జాబ్ లోపల కోడ్ చక్కగా ఉంటుంది, కానీ దాన్ని ఎవరూ పిలవరు. లేదంటే రెండుసార్లు పిలుస్తారు, లేదంటే ఎవరూ చూడని క్యూలో పడేస్తారు.

'సరిగా పడటం' అంటే ఏమిటో కూడా తేల్చుకోవాలి. ఏ జాబ్, ఎన్ని, ఏ క్యూలో, లోపల ఏ వివరంతో, ఏ సమయానికి అన్నవి చూడాలి. వీటన్నిటికంటే ఎక్కువగా మరిచిపోయేది ఇంకొకటి ఉంది: ఏ పరిస్థితిలో పడకూడదు?

మొదటి అడుగు: కోడ్ తెరవక ముందు ఒప్పందం రాసుకోండి

ఒక కాగితం తీసుకోండి. ఒక రైతు 100 బస్తాల సన్నాలు తెచ్చాడు. బస్తాకు 40 కిలోల లెక్కన 40 క్వింటాళ్లు. 2025-26 సీజన్‌కు 'గ్రేడ్-ఏ' వడ్ల మద్దతు ధర క్వింటాకు 2,389 రూపాయలు కాబట్టి 95,560 రూపాయలు అయింది. సన్నాలకు రాష్ట్రం ప్రకటించిన బోనస్ క్వింటాకు 500 చొప్పున ఇంకో 20,000. మన అప్లికేషన్‌లో మద్దతు ధర డబ్బు ఒక జాబ్, బోనస్ ఇంకో జాబ్. ఇప్పుడు ఒప్పందం ఇలా వస్తుంది:

- కాంటా సేవ్ అయితే పేమెంట్ జాబ్ ఒక్కటంటే ఒక్కటి, 'పేమెంట్స్' క్యూలో, ఆ కాంటా ఐడీతో, డేటాబేస్‌లో కమిట్ అయ్యాకే (మార్పులు ఖాయమయ్యాకే).
- రైతుకు మెసేజ్ జాబ్ ఒకటి, 'మెసేజెస్' క్యూలో.
- సన్నాలైతే బోనస్ జాబ్ ఒకటి. దొడ్డు రకమైతే బోనస్ జాబ్ ఉండనే కూడదు.
- తేమ 17 శాతం దాటితే కాంటా సేవ్ కాదు, ఏ జాబ్ కూడా పడదు.
- అదే బటన్ రెండోసారి నొక్కితే కొత్తగా ఏమీ పడదు.

ఈ కాగితాన్ని కేంద్రం నడిపే ఐకేపీ సంఘం అక్కలకో, సొసైటీ సీఈవోకో చదివి వినిపించండి. "తేమ ఎక్కువుంటే ఎనక్కి పంపుతం, ఆరబోసి మళ్ల తెస్తరు, అప్పుడు టోకెన్ అదేనా కొత్తదా?" లాంటి ప్రశ్న ఒకటి తప్పకుండా వస్తుంది. ఆ ప్రశ్నకు జవాబు దొరికితే ఒక టెస్టు దొరికినట్టే. డెవలపర్ కుర్చీలో కూర్చుంటే ఇలాంటివి తట్టవు.

రెండో అడుగు: సింక్ చెప్పేది విని సంతోషపడకండి

కొత్త లారావెల్ ప్రాజెక్టులో పీహెచ్‌పీయూనిట్ సెట్టింగుల ఎక్స్‌ఎంఎల్ ఫైలు తెరిస్తే, టెస్టులప్పుడు క్యూ కనెక్షన్ 'సింక్' అని ఉంటుంది. అంటే జాబ్ క్యూలోకి పోదు; పంపిన చోటే, అదే రిక్వెస్టులో, వెంటనే నడిచిపోతుంది. టెస్టులు తేలిగ్గా నడవడానికి ఇది బాగుంటుంది. మన ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పదు. సింక్‌లో క్యూ పేరు ఏదైనా ఒకటే. పది నిమిషాలు ఆగి నడవాల్సిన జాబ్ ఆగకుండా ఇప్పుడే నడుస్తుంది. వర్కర్ వేరే ప్రాసెస్‌లో, వేరే డేటాబేస్ కనెక్షన్‌తో వస్తుందన్న సంగతే ఇందులో లేదు. పైగా మెసేజ్ గేట్‌వే తప్పు చేస్తే కాంటా టెస్టు ఫెయిల్ అవుతుంది.

అందుకే క్యూలో పడటాన్ని చూసే టెస్టుల్లో మొదటి లైనుగా క్యూ::ఫేక్() పెట్టండి. ఇక జాబ్‌లు నడవవు; ఏది వచ్చిందో, ఏ క్యూ పేరుతో వచ్చిందో నకిలీ క్యూ రాసి పెట్టుకుంటుంది, చివర్లో మనం అడిగి చూసుకుంటాం. రైల్స్‌లో ఈ పనికి యాక్టివ్‌జాబ్ టెస్ట్‌హెల్పర్ ఉంది, అందులో అసర్ట్_ఎన్‌క్యూడ్_విత్ మీకు ఎక్కువగా పనికొస్తుంది. సెలరీ (పైథాన్ క్యూ లైబ్రరీ) వాడే జాంగో వాళ్లు 'ఆల్వేస్ ఈగర్' సెట్టింగుతో సరిపెట్టుకుంటుంటారు. అది కూడా సింక్ లాంటిదే, యూనిట్ టెస్టులకు అది తగదని సెలరీ డాక్యుమెంటేషనే చెబుతుంది. టాస్కు డిలే మెథడ్‌ను మాక్ చేసి, ఏ ఆర్గ్యుమెంట్లతో పిలిచారో చూడటం దానికంటే నయం.

మూడో అడుగు: మొదటి టెస్టు, దగ్గరి నుంచి

సన్నాల కాంటా టెస్టు నడిచే వరుస ఇది:

1. క్యూ::ఫేక్() పిలవండి.
2. ఫ్యాక్టరీలతో ఒక కేంద్రాన్ని, ఒక ఆపరేటర్‌ను, ఒక రైతును, ఒక టోకెన్‌ను తయారుచేయండి.
3. ఆ ఆపరేటర్‌గా లాగిన్ అయి కాంటా రూట్‌కు పోస్ట్ రిక్వెస్ట్ పంపండి: బస్తాలు 100, రకం సన్నాలు, తేమ 16.
4. రెస్పాన్స్ 201 వచ్చిందో లేదో, కాంటాల టేబుల్‌లో వరుస పడిందో లేదో చూడండి.
5. క్యూ::అసర్ట్‌పుష్డ్(పేమెంట్‌జాబ్, 1) అనండి. మెసేజ్ జాబ్‌కు, బోనస్ జాబ్‌కు కూడా అలాగే.

అయిదో వరుసలో ఆ 1 అంకె మీద ఒక్క నిమిషం ఆగండి. అంకె ఇవ్వకుండా అసర్ట్‌పుష్డ్ పిలిస్తే, ఆ జాబ్ కనీసం ఒకటి పడితే చాలు, టెస్టు పాస్. రెండు పడినా పాసే, ఏడు పడినా పాసే. పేమెంట్ విషయంలో రెండు పడటం అంటే రైతుకు 95,560 బదులు 1,91,120 పోవడం. వెనక్కి రాబట్టుకోవడానికి మళ్లీ ఊరి చుట్టూ తిరగడం. కంట్రోలర్‌లో ఒకసారి, మోడల్ అబ్జర్వర్‌లో (రికార్డు సేవ్ అయినప్పుడు దానంతటదే నడిచే కోడ్‌లో) ఇంకోసారి డిస్పాచ్ (జాబ్‌ను క్యూకు పంపే లైను) రాసి ఉన్న కోడ్ ఈ అంకె లేని టెస్టు ముందు ఏ ఇబ్బందీ లేకుండా నిలబడుతుంది. డబ్బుకు సంబంధించిన ఏ జాబ్‌కైనా అంకె లేకుండా అసర్ట్‌పుష్డ్ రాయొద్దు. కోడ్ రివ్యూలో నేను ముందుగా వెతికేది ఇదే.

ఇంకో చిన్న చిక్కు ఉంది. రైతు రికార్డు తయారవగానే అబ్జర్వర్ ఒక స్వాగత మెసేజ్ జాబ్ పంపుతుందనుకోండి. రెండో వరుసలో ఫ్యాక్టరీ నడిచినప్పుడే అది నకిలీ క్యూలో చేరి, చివర లెక్క తప్పుతుంది. అలాగని ఫేక్‌ను ఫ్యాక్టరీల తర్వాతకు జరిపితే ఆ స్వాగత జాబ్ సింక్‌లో నిజంగానే నడుస్తుంది. డేటా తయారయ్యాక, రిక్వెస్టుకు ముందు, క్యూ::ఫేక్() ఇంకోసారి పిలవండి. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది.

నాలుగో అడుగు: జాబ్ లోపల ఏముందో విప్పి చూడండి

జాబ్ పడింది సరే, ఎవరి కాంటాతో పడింది? అసర్ట్‌పుష్డ్‌కు అంకె బదులు ఒక క్లోజర్ (పేరు లేని చిన్న ఫంక్షన్) ఇవ్వొచ్చు. జాబ్‌ను చేతికిస్తుంది, మీరు కాంటా ఐడీ ఇదేనా, కేంద్రం ఇదేనా అని చూసి అవును, కాదు చెప్పాలి. క్లోజర్ కూడా 'ఒక్కటైనా సరిపోతే చాలు' అన్న పద్ధతిలోనే నడుస్తుంది కాబట్టి లెక్కకు ఒక లైను, వివరానికి ఒక లైను వేరువేరుగా రాయండి.

టెస్టు డేటాలో ఒకే రైతు, ఒకే కాంటా ఉంటే ఈ టెస్టుకు పస ఉండదు. రెండింటికీ ఐడీ 1 వచ్చి, రైతు ఐడీ ఇవ్వాల్సిన చోట కాంటా ఐడీ ఇచ్చినా పాస్ అయిపోతుంది. ముందుగా ఇద్దరు ముగ్గురు రైతులను, వేరే కేంద్రాల్లో పాత కాంటాలను వేసి పెట్టండి. ఐడీలు ఒకదానితో ఒకటి కలవకుండా ఉంటేనే తారుమారు బయటపడుతుంది.

ఇక జాబ్‌కు ఏం ఇవ్వాలి అన్న చర్చ. నా అభిప్రాయంలో పేమెంట్ జాబ్‌కు కాంటా ఐడీ ఇస్తే చాలు. మొత్తం ఎంతో జాబ్ లెక్కకట్టకూడదు. క్వింటా ధర, బోనస్ ధర, మొత్తం కాంటా సేవ్ అయినప్పుడే ఆ వరుసలో రాసి ఉండాలి. జాబ్ గంట ఆలస్యంగా నడిచినా, ఈలోగా ఎవరైనా సెట్టింగుల్లో ధర మార్చినా, రైతుకు చీటీ మీద చూపిన లెక్కే పోతుంది. దీనికి టెస్టు తేలిక: కాంటా సేవ్ చేయండి, సెట్టింగ్‌లో ధర మార్చండి, ఆ తర్వాత జాబ్ నడిపి 95,560 పోయిందో లేదో చూడండి.

మోడల్‌నే జాబ్‌కు ఇచ్చేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. లారావెల్ సీరియలైజ్స్‌మోడల్స్ ట్రెయిట్ మోడల్ మొత్తాన్ని క్యూలో పెట్టదు, దాని గుర్తింపును మాత్రమే పెట్టి, వర్కర్ దగ్గర డేటాబేస్ నుంచి తాజాగా తెస్తుంది. సేవ్ చేయకుండా మోడల్‌లో మార్చిన విలువ ఏదైనా ఉంటే దారిలోనే పోతుంది. నకిలీ క్యూ మామూలుగా జాబ్‌ను సీరియలైజ్ చేయదు (దాచిపెట్టడానికి రాతగా మార్చదు), ఆబ్జెక్టును ఉన్నదున్నట్టు పట్టుకుంటుంది. కాబట్టి ఈ తప్పు నకిలీ క్యూకు కనబడదు; తొమ్మిదో అడుగులో అసలు క్యూ దగ్గరే దొరుకుతుంది. సైడ్‌కిక్ (రూబీ క్యూ లైబ్రరీ) పాత వెర్షన్లు వాడే రైల్స్ టీములకూ ఇదే జాతి తప్పు వస్తుంది: ఆర్గ్యుమెంట్లు జేసన్‌గా మారి వస్తాయి కాబట్టి సింబల్ పంపితే స్ట్రింగ్ అందుతుంది.

అయిదో అడుగు: పడకూడని చోట పడలేదని చూపండి

తేమ 18 ఇచ్చి పోస్ట్ చేయండి. 422 వస్తుంది. తర్వాత క్యూ::అసర్ట్‌నథింగ్‌పుష్డ్(). దొడ్డు రకం ఇచ్చి పోస్ట్ చేయండి: పేమెంట్ జాబ్ 1, బోనస్ జాబ్‌కు అసర్ట్‌నాట్‌పుష్డ్. వేరే కేంద్రం ఆపరేటర్‌గా లాగిన్ అయి ఈ కేంద్రం టోకెన్ మీద కాంటా పెట్టండి: 403, ఏమీ పడకూడదు.

ఇలాంటి టెస్టులకు ఒక బలహీనత ఉంది. రూట్ పేరు తప్పు రాసి 404 వచ్చినా 'ఏమీ పడలేదు' అన్నది నిజమే అవుతుంది. అందుకే స్టేటస్ కోడ్‌ను తప్పకుండా ముందు చూడండి. వీలైతే అదే టెస్టులో తేమ 16 చేసి మళ్లీ పంపి, ఈసారి పడిందని చూపండి. మారినది తేమ ఒక్కటే అని అప్పుడు ఖాయమవుతుంది.

డబుల్ క్లిక్ సంగతి కొంచెం లోతైనది. కేంద్రంలో నెట్ నెమ్మదిగా ఉంటుంది. బటన్ నొక్కితే ఏమీ కదలదు. ఆపరేటర్ మళ్లీ నొక్కుతాడు. దీన్ని ఆపడానికి చాలామంది జాబ్‌కు షుడ్‌బీయూనిక్ తగిలిస్తారు. కాష్‌లో ఒక తాళం వేసి, అదే జాబ్ రెండోసారి క్యూలోకి రాకుండా అది అడ్డుకుంటుంది. కానీ జాబ్ పూర్తవగానే ఆ తాళం తీసేస్తుంది. అయిదు నిమిషాల తర్వాత పేజీ రీఫ్రెష్ చేసి మళ్లీ పంపితే రెండో జాబ్ దర్జాగా లోపలికి వస్తుంది. అసలు అడ్డు డేటాబేస్‌లో ఉండాలి: కాంటాల టేబుల్‌లో టోకెన్ ఐడీ మీద యూనిక్ ఇండెక్స్. టెస్టు కూడా దానికే రాయండి. అదే టోకెన్‌తో రెండుసార్లు పోస్ట్ చేయండి. రెండోదానికి 409 రావాలి. పేమెంట్ జాబ్ లెక్క 1 దగ్గరే ఉండాలి.

ఆరో అడుగు: క్యూ పేరు, దాన్ని చూసే వర్కర్

క్యూ::అసర్ట్‌పుష్డ్‌ఆన్ క్యూ పేరును కూడా చూస్తుంది. వేల మెసేజ్‌ల వెనక పేమెంట్ చిక్కుకోకూడదు, రోజు చివరి రిపోర్టుల వెనక మెసేజ్‌లు ఆగకూడదు కాబట్టి ఈ టెస్టు అవసరం.

అయితే సగం తప్పులు దీనికి అందవు. కోడ్‌లో క్యూ పేరు 'పేమెంట్స్', సర్వర్ మీద సూపర్‌వైజర్ (వర్కర్లను ఎప్పుడూ నడిపి ఉంచే ప్రోగ్రాం) కాన్ఫిగ్‌లో వర్కర్ చూసేది 'పేమెంట్' అయితే టెస్టులన్నీ పచ్చగా ఉంటాయి, జాబ్‌లన్నీ ఎక్కడివక్కడ పేరుకుపోతాయి. ఎర్రర్ రాదు, ఫెయిల్డ్ జాబ్స్ టేబుల్‌లోకీ ఏదీ చేరదు. క్యూ పేర్లను ఒక ఈనమ్‌లో పెట్టండి. వర్కర్ కాన్ఫిగ్‌ను కూడా రిపాజిటరీలోనే ఉంచండి. ఈనమ్‌లోని ప్రతి పేరూ కాన్ఫిగ్‌లో ఉందా అని చూసే టెస్టు ఒకటి రాయండి. హొరైజన్ (లారావెల్ క్యూ డ్యాష్‌బోర్డ్) వాడితే దాని కాన్ఫిగ్ పీహెచ్‌పీ ఫైలే కాబట్టి చదవడం ఇంకా సులువు.

ఏడో అడుగు: ఆలస్యంగా నడవాల్సినవి

"మీ టోకెన్ రేపటికి ఉంది, వడ్లు తీసుకురండి" అనే మెసేజ్ ఉదయం 9 గంటలకు పోవాలి. టెస్టులో ట్రావెల్‌టు వాడి కాలాన్ని ఒకచోట నిలపండి, జాబ్ డిలే విలువ ఆశించిన సమయానికి సమానమా అని క్లోజర్‌లో చూడండి. లారావెల్ డీఫాల్ట్ టైమ్‌జోన్ యూటీసీ. మన ఉదయం 9 అంటే యూటీసీలో తెల్లవారుజామున 3:30. జోన్ చెప్పకుండా '9 గంటలు' అని రాస్తే మెసేజ్ మధ్యాహ్నం 2:30కి పోతుంది, అప్పటికి సగం రోజు అయిపోయింది. ఆశించిన సమయాన్ని టెస్టులో యూటీసీలోనే అంకెలతో రాయండి; కోడ్‌లో వాడిన లెక్కనే టెస్టులోనూ వాడితే ఇద్దరూ కలిసి తప్పు చేస్తారు.

ఎనిమిదో అడుగు: కమిట్ అయ్యాకే పడిందా?

ఇక్కడ ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే ఈ తప్పు మీ లాప్‌టాప్ మీద కనబడదు, రద్దీ పెరిగిన రోజే కనబడుతుంది.

కాంటా సేవ్ చేసేటప్పుడు మూడు టేబుళ్లు మారతాయి: కాంటా పడాలి, టోకెన్ మూసుకోవాలి, కేంద్రంలో గన్నీ సంచుల లెక్క తగ్గాలి. అందుకే అంతా ఒక ట్రాన్సాక్షన్‌లో పెడతాం: అన్నీ కలిసి కమిట్ అవుతాయి, లేదంటే అన్నీ వెనక్కి పోతాయి (రోల్‌బ్యాక్). డిస్పాచ్ లైను కూడా ఆ బ్లాక్ లోపలే ఉండి, క్యూ రెడిస్‌లో (డేటాబేస్‌కు వేరుగా నడిచే మెమరీ స్టోర్‌లో) ఉంటే, జాబ్ వెంటనే రెడిస్‌కు పోతుంది. కమిట్ ఇంకా కాలేదు. వర్కర్ ఖాళీగా ఉంటే దాన్ని అప్పుడే తీసుకుని కాంటా కోసం డేటాబేస్‌లో వెతుకుతుంది, దొరకదు, మోడల్‌నాట్‌ఫౌండ్ ఎక్సెప్షన్. ఇది కొంత నయం, ఎర్రర్ అయినా వస్తుంది. ఇంకో రకం దీనికంటే చెడ్డది: సంచుల లెక్క తగ్గించే చోట ఏదో తప్పు జరిగి ట్రాన్సాక్షన్ రోల్‌బ్యాక్ అయింది. రెడిస్ రోల్‌బ్యాక్ కాదు. జాబ్‌లో రైతు ఫోన్ నంబరు, మాటలు నేరుగా ఉంటే, లేని కాంటాకు "మీ వడ్లు కొనుగోలు అయ్యాయి" అని మెసేజ్ పోతుంది.

నివారణ చిన్నదే. డిస్పాచ్‌కు ఆఫ్టర్‌కమిట్ తగిలించాలి, లేదా క్యూ కాన్ఫిగ్‌లో ఆ కనెక్షన్‌కు ఆఫ్టర్_కమిట్ ట్రూ చేయాలి. దాన్ని టెస్టులో పట్టుకోవడమే కష్టం. నకిలీ క్యూ ఇందుకు పనికిరాదు, అది అడిగిన వెంటనే రాసుకుంటుంది. డేటాబేస్ క్యూ కూడా మోసం చేస్తుంది: జాబ్స్ టేబుల్ అదే కనెక్షన్‌లో ఉంటే జాబ్ వరుస కూడా ట్రాన్సాక్షన్‌తోపాటే రోల్‌బ్యాక్ అయిపోతుంది, ఆఫ్టర్‌కమిట్ లేకపోయినా అంతా బాగున్నట్టే ఉంటుంది. లారావెల్ 11 నుంచి కొత్త ప్రాజెక్టుల్లో డీఫాల్ట్ క్యూ డేటాబేసే. కాబట్టి లోకల్‌లో డేటాబేస్ క్యూ, సర్వర్ మీద రెడిస్ వాడే టీములు ఈ గుంతలో పడటం చాలా తేలిక.

టెస్టు ఇలా కట్టండి. డాకర్‌లో ఒక రెడిస్ లేపి, ఈ ఒక్క టెస్టు ఫైలుకు క్యూ కనెక్షన్ రెడిస్ చేయండి, వర్కర్‌ను నడపకండి. ప్రతి టెస్టునూ ట్రాన్సాక్షన్‌లో చుట్టే రిఫ్రెష్‌డేటాబేస్ బదులు డేటాబేస్‌ట్రంకేషన్ వాడండి. బయట ఇంకో ట్రాన్సాక్షన్ ఉంటే 'కమిట్' అన్న మాటకు అర్థం మసకబారుతుంది. సంచుల లెక్క చూసే క్లాసును ఎక్సెప్షన్ విసిరే క్లాసుతో మార్చి, కాంటా పోస్ట్ చేయండి. కాంటాల టేబుల్ ఖాళీగా ఉండాలి, క్యూ::సైజ్ అడిగితే 'పేమెంట్స్', 'మెసేజెస్' రెండూ సున్నా చెప్పాలి. తర్వాత మామూలు క్లాసుతో పోస్ట్ చేస్తే ఒక్కొక్కటి 1 రావాలి. ప్రతి టెస్టుకు ముందు ఆ రెడిస్ డేటాబేస్ ఖాళీ చేయడం మరవకండి. టెస్టుల రెడిస్‌కు వేరే డేటాబేస్ నంబరు ఇవ్వడం ఇంకా ముఖ్యం.

జాంగో వాళ్లకు ఇదే కథ ఆన్_కమిట్ రూపంలో ఎదురవుతుంది. అక్కడ మామూలు టెస్ట్‌కేస్ ప్రతి టెస్టునూ ట్రాన్సాక్షన్‌లో చుట్టి చివర్లో రోల్‌బ్యాక్ చేస్తుంది కాబట్టి ఆన్_కమిట్‌లో పెట్టిన కాల్‌బ్యాక్ అసలు నడవదు, జాబ్ ఎందుకు పడలేదో అర్థం కాదు. జాంగో 3.2 నుంచి క్యాప్చర్ఆన్‌కమిట్‌కాల్‌బ్యాక్స్ ఉంది, దాన్ని వాడండి. చాలామంది ఈ చిక్కు తెలియక టెస్టు పాస్ కావడం కోసం ఆన్_కమిట్‌నే తీసేస్తారు. టెస్టు కోసం సరైన కోడ్‌ను పాడుచేయడం అంటే అదే.

తొమ్మిదో అడుగు: అసలు క్యూతో ఒక టెస్టు

అన్ని టెస్టులూ నకిలీ క్యూతోనే ఉంటే సీరియలైజేషన్ ఎప్పుడూ పరీక్షకు రాదు. ఒక్కో జాబ్‌కు ఒక టెస్టు చాలు: నిజమైన క్యూలో వేయండి, క్యూ:వర్క్ కమాండ్‌ను 'స్టాప్ వెన్ ఎంప్టీ' ఆప్షన్‌తో పిలవండి, బ్యాంకుకు, మెసేజ్ గేట్‌వేకు పోయే హెచ్‌టీటీపీ కాల్స్‌ను మాత్రం హెచ్‌టీటీపీ::ఫేక్‌తో ఆపండి, చివరికి ఏం పోయిందో చూడండి. జాబ్‌లో క్లోజర్‌నో, తెరిచి ఉన్న ఫైలునో దాచిపెట్టినవాళ్లకు ఇక్కడే ఎర్రర్ వస్తుంది.

అక్కడే ఇంకోటి చూడండి. జాబ్ క్యూలో ఉండగానే కాంటా వరుసను తొలగించి వర్కర్ నడపండి. మోడల్‌నే ఇచ్చిన జాబ్‌లో డిలీట్‌వెన్‌మిస్సింగ్‌మోడల్స్ ట్రూ అయితే జాబ్ చప్పుడు లేకుండా మాయమవుతుంది. మెసేజ్‌లకు అది పర్వాలేదు. డబ్బు జాబ్‌లకు దాన్ని వాడొద్దని నేను గట్టిగా చెబుతాను; ఫెయిల్డ్ జాబ్స్ టేబుల్‌లో పడి, ఎవరో ఒకరు ఫోన్ చేసి కనుక్కోవాలి. టెస్టు కూడా ఆ టేబుల్‌లో ఒక వరుస పడిందని చూపాలి.

వర్కర్ డీఫాల్ట్ టైమ్‌అవుట్ 60 సెకన్లు, క్యూ కాన్ఫిగ్‌లో రీట్రై_ఆఫ్టర్ 90 సెకన్లు. ఎవరైనా పేమెంట్ జాబ్ టైమ్‌అవుట్‌ను 120 చేసి, రెండో అంకెను మరిచిపోతే, మొదటి వర్కర్ ఇంకా బ్యాంకుతో మాట్లాడుతుండగానే రెండో వర్కర్ అదే జాబ్‌ను మళ్లీ తీసుకుంటుంది. ప్రతి జాబ్ టైమ్‌అవుట్ రీట్రై_ఆఫ్టర్ కంటే తక్కువగా ఉందా అని కాన్ఫిగ్ చదివి చూసే నాలుగు లైన్ల టెస్టు రాసి పెట్టండి.

క్యూ ఏదైనా ఒక జాబ్ రెండుసార్లు నడిచే అవకాశం ఎప్పుడూ ఉంటుంది: బ్యాంకుకు పంపాక, జాబ్‌ను క్యూ నుంచి తీసేలోగా కరెంటు పోయినా అంతే. పేమెంట్ జాబ్ హ్యాండిల్ మెథడ్‌ను టెస్టులో వెంటవెంటనే రెండుసార్లు పిలిచి, బ్యాంకు కాల్ ఒక్కటే పోయిందని చూపండి.

చెయిన్లు, మెయిళ్లు

ట్రక్ షీట్ పీడీఎఫ్ తయారయ్యాకే మిల్లుకు మెయిల్ పోవాలంటే రెండు జాబ్‌లను బస్::చెయిన్‌లో పెడతాం. దానికి బస్::ఫేక్, బస్::అసర్ట్‌చెయిన్డ్ వాడి వరుసక్రమం చూడండి. మెయిలబుల్ క్లాసు షుడ్‌క్యూ అయితే మెయిల్::అసర్ట్‌సెంట్ ఫెయిల్ అవుతుంది, మెయిల్::అసర్ట్‌క్యూడ్ రాయాలి. ఇంతకుమించి వీటి గురించి చెప్పేది లేదు.

చివరి అడుగు: కోడ్‌ను కావాలని చెడగొట్టండి

టెస్టులన్నీ పచ్చగా వచ్చాక కొత్త బ్రాంచ్ తీసి, ఒక్కో మార్పు చేసి టెస్టులు నడపండి. పేమెంట్ డిస్పాచ్ లైను తీసేయండి. అదే లైను రెండుసార్లు రాయండి. కాంటా ఐడీ బదులు రైతు ఐడీ ఇవ్వండి. క్యూ పేరు ఒక అక్షరం మార్చండి. సన్నాల షరతు తీసి అందరికీ బోనస్ పంపండి. ఆఫ్టర్‌కమిట్ తీసేయండి. ప్రతి మార్పుకూ కనీసం ఒక టెస్టు ఎర్రబడాలి, అదీ సంబంధం ఉన్న టెస్టే ఎర్రబడాలి. ఏ మార్పుకైనా అన్నీ పచ్చగానే ఉంటే ఒప్పందం కాగితంలో ఆ లైనుకు ఇంకా టెస్టు లేనట్టే. అక్కడికి వెళ్లి రాయండి.

రెడిస్ కావాల్సిన టెస్టులను వేరే గుంపుగా పెట్టి, మెర్జ్‌కు ముందు సీఐలో తప్పనిసరిగా నడిచేలా చేయండి. కొత్త కోడ్ సర్వర్ మీదికి ఎక్కించే స్క్రిప్టులో క్యూ:రీస్టార్ట్ ఉందో లేదో చూసుకోండి. వర్కర్ పాత కోడ్‌ను మెమరీలో పెట్టుకుని నడుస్తూనే ఉంటుంది కాబట్టి, అది లేకపోతే టెస్టు చేసిన కోడ్ ఒకటి, నడిచే కోడ్ ఇంకొకటి అవుతుంది. 'పేమెంట్స్' క్యూ మీద క్యూ:మానిటర్‌ను షెడ్యూలర్‌లో నిమిషానికోసారి పెట్టండి. పరిమితి దాటగానే క్యూబిజీ ఈవెంట్ వస్తుంది, దాన్ని పట్టుకుని మీ ఫోన్‌కు అలర్ట్ పంపించుకోవచ్చు. ఆ పరిమితి అంకెను వానాకాలం కోతలు మొదలయ్యే అక్టోబర్‌కు ముందు ఒకసారి, యాసంగికి ముందు మార్చిలో ఒకసారి మళ్లీ చూసుకోండి.